బట్టల లోపల కట్టుకునే మనీ బెల్టు: ఏ ప్రయాణానికి, ఏ దుస్తులకు ఏది తగినది

కాశీ యాత్రకు బయలుదేరే పెద్దవాళ్లకు, చదువు కోసం మొదటిసారి విమానం ఎక్కే విద్యార్థులకు, పెళ్లి నగలు వెంటబెట్టుకుని రాత్రి బస్సులో వెళ్లే గృహిణులకు, హజ్‌కు వెళ్లే యాత్రికులకు ఒకే అవసరం ఎదురవుతుంది. పోతే తిరిగి సంపాదించుకోవడం కష్టమైన వస్తువులను సామానులో వదిలేయకుండా, పైకి కనబడకుండా, ఒంటిమీదే ఉంచుకోవాలి. మన పెద్దలు డబ్బును రొంటిన దోపుకున్నా, చిల్లర సంచిని బొడ్లో పెట్టుకున్నా ఈ అవసరం కోసమే. ఇప్పుడు అదే పనికి నడుముకు కట్టే పల్చని బెల్టులు, సాగే గుడ్డతో చేసిన పట్టీలు, మెడలో వేసుకునే సంచులు, లోపల జిప్పు ఉన్న తోలు బెల్టులు అన్నీ కొన్ని వందల రూపాయలలోనే దొరుకుతున్నాయి. ధరల మధ్య తేడా పెద్దగా లేదు కాబట్టి ఎంపికకు ధర ఆధారం కాదు. మీరు ఏ దుస్తులు వేసుకుంటారు, ఆ సంచిని రోజుకు ఎన్నిసార్లు తెరవవలసి వస్తుంది, తెరవడానికి చాటు దొరుకుతుందా అన్న మూడు ప్రశ్నలే ఆధారం.

ఈ మూడింటిలో రెండోది అన్నిటికంటే ముఖ్యమని నా నిశ్చితాభిప్రాయం. లోపలి బెల్టు ఇనప్పెట్టె లాంటిది. దాన్ని పర్సులా వాడకూడదు. టీ కొట్టు దగ్గర చొక్కా ఎత్తి, జిప్పు లాగి, యాభై రూపాయల నోటు తీసిన క్షణంలోనే ఆ బెల్టు దాపరికం పోయింది. చుట్టూ ఉన్నవాళ్లలో చూడవలసినవాడు చూసేశాడు. కనుక ఏ రకం కొన్నా, ఆ రోజు ఖర్చుకు సరిపడే డబ్బు, ఒక కార్డు, ఫోను బయటి జేబులోనో చేతి సంచిలోనో ఉండాలి. మిగిలిన నగదు, రెండో కార్డు, పాస్‌పోర్టు, అవసరమైతే ఒకటి రెండు నగలు లోపల ఉండాలి. ప్రతి ఉదయం గది తలుపు వేసుకున్నాక లోపలి నుంచి బయటికి ఆ రోజు డబ్బు మార్చుకోవడం అలవాటు చేసుకుంటే, వీధిలో బెల్టును తాకవలసిన పనే ఉండదు. ఈ అలవాటు లేనివారికి ఎంత ఖరీదైన బెల్టు కొన్నా ప్రయోజనం తక్కువ.

ముందుగా కొలతలు

బెల్టు కొనే ముందు అందులో పెట్టబోయే వస్తువులను మంచం మీద పరిచి చూసుకోవాలి. మన పాస్‌పోర్టు 12.5 సెంటీమీటర్ల పొడవు, 8.8 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 500 రూపాయల నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 సెంటీమీటర్ల వెడల్పు. బ్యాంకు కార్డు, ప్లాస్టిక్ ఆధార్ కార్డు సుమారు 8.6 సెంటీమీటర్ల పొడవు, 5.4 సెంటీమీటర్ల వెడల్పు. ఈ కొలతలను బట్టి చూస్తే, పాస్‌పోర్టు పెట్టుకోవాలనుకునేవారికి జేబు లోపలి ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లయినా ఉండాలి; అంతకంటే తక్కువ ఎత్తున్న సంచిలో పాస్‌పోర్టును బలవంతంగా దూరిస్తే అట్ట మూలలు వంగుతాయి, జిప్పు పళ్లు దాని అంచును కొరుకుతాయి. నోట్లు మాత్రమే పెట్టుకునేవారికి ఇంత పెద్ద సంచి అక్కరలేదు, చిన్నదే మేలు.

మందం సంగతి చాలామంది ఆలోచించరు. సంచి నిండాక చిటికెన వేలి మందానికి మించితే అది చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడుతుంది, కూర్చున్నప్పుడు పొట్టకు గుచ్చుకుంటుంది. కాబట్టి ఫోను, తాళం చెవుల గుత్తి, చిల్లర నాణేలు, పవర్ బ్యాంకు లోపలి బెల్టులో ఉండకూడదు. ఫోను పొడవు 16 సెంటీమీటర్ల దాకా, బరువు 200 గ్రాముల దాకా ఉంటుంది. పైగా దాన్ని గంటకు పదిసార్లు తీస్తాం. పవర్ బ్యాంకు వేడెక్కే వస్తువు, దాన్ని ఒంటికి ఆనించి కట్టుకోవడం ప్రమాదకరం. రైలు ప్రయాణానికి ఫోనులో పత్రాలు దాచే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోని ఆధార్ కూడా గుర్తింపుగా చెల్లుతుంది కాబట్టి, దేశంలోపలి ప్రయాణాలకు అసలు కార్డులన్నీ మోసుకుపోవలసిన అవసరం కూడా తగ్గింది.

నడుముకు కట్టే పల్చని సంచి

మనీ బెల్టు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. రెండు జిప్పుల పల్చని సంచి, దానికి ఎలాస్టిక్ పట్టీ, చివర ప్లాస్టిక్ క్లిప్పు. ప్యాంటు, చొక్కా వేసుకునేవారికి, చుడీదార్ వేసుకునేవారికి, పాస్‌పోర్టుతో కూడిన విదేశీ ప్రయాణాలకు ఇది మంచి ఎంపిక. పట్టీ పొడవును సరిచేసుకోవచ్చు కాబట్టి భోజనం తరువాత కొంచెం వదులు చేసుకోవచ్చు, ఒకరు వాడినదాన్ని ఇంట్లో ఇంకొకరు వాడుకోవచ్చు, మరుగుదొడ్డిలోకి వెళ్లి అర నిమిషంలో విప్పేయవచ్చు.

దీన్ని ఎక్కడ కట్టుకోవాలన్నది ముఖ్యం. చాలామంది ప్యాంటు బెల్టుకు పైన, బొడ్డు మీదుగా కడతారు. అక్కడ కడితే వంగినప్పుడల్లా మడత పడుతుంది, చేయి పైకెత్తినప్పుడు చొక్కాతో పాటు బయటపడుతుంది. బొడ్డుకు నాలుగు వేళ్లు కిందుగా, రెండు తుంటి ఎముకల మధ్య, ప్యాంటు లేదా పైజామా నడుము పట్టీ కింద ఉండేలా కడితే సంచి కదలదు, పైకి కనబడదు. వెనక వైపు కట్టుకోవడం మాత్రం ఎప్పుడూ మంచిది కాదు. మన చూపుకూ చేతికీ దూరంగా ఉండే చోట విలువైన వస్తువు ఉంచితే దాచిన ప్రయోజనమే దెబ్బతింటుంది, కుర్చీకి ఆనుకున్నప్పుడు నడుముకూ నొప్పి.

గుడ్డ విషయంలో తీరప్రాంతపు మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. నైలాన్, పాలియెస్టర్ సంచులు తేలికగా ఉంటాయి, ఉతికితే గంటల్లో ఆరిపోతాయి, కానీ విజయవాడ ఎండలోనో విశాఖ ఉక్కపోతలోనో చర్మానికి అంటుకుపోతాయి. నూలు సంచి ఒంటికి హాయిగా ఉంటుంది కానీ చెమటను పీల్చుకుని, ఆ తడిని లోపలి నోట్లకు అందిస్తుంది, ఆరడానికి చాలా సమయం తీసుకుంటుంది. వెనక వైపు అంటే ఒంటికి తగిలే వైపు మెత్తటి నూలు గుడ్డ గానీ జాలీ గుడ్డ గానీ వేసి, ముందు వైపు నైలాన్ ఉన్న సంచి దొరికితే అదే తీసుకోండి. ఏ గుడ్డ అయినా చెమట లోపలికి దిగక మానదు. పాస్‌పోర్టును, కాగితాలను జిప్పు ఉన్న పల్చని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆ తరువాతే బెల్టులో పెట్టాలి. వీసా స్టిక్కరు ఉన్న పాస్‌పోర్టు తడిసి పేజీలు అంటుకుంటే కలిగే నష్టం డబ్బు పోయిన నష్టానికి తీసిపోదు.

క్లిప్పును కొట్లోనే పదిసార్లు పెట్టి తీసి చూడండి. రెండు చెవులూ ఒకేసారి గట్టిగా శబ్దం చేస్తూ పట్టుకోవాలి. వెల్‌క్రోతో మూసుకునే బెల్టులను నేను సిఫారసు చేయను. వాటికి దూదిపోగులు, దారాలు పట్టి కొన్ని నెలల్లో పట్టు సడలుతుంది, చీర జరీనీ పట్టు చున్నీనీ లాగి పాడుచేస్తాయి, నిశ్శబ్దంగా ఉన్న రైలు పెట్టెలో విప్పితే ఆ శబ్దమే నలుగురినీ తిప్పి చూసేలా చేస్తుంది. జిప్పు లోహంది కాకుండా నైలాన్‌ది ఉంటే తుప్పు పట్టదు, చర్మానికి గీరుకోదు.

ఇక బెల్టు అట్ట మీద, కార్డులోని డబ్బును ఎవరూ దూరం నుంచి రేడియో తరంగాలతో కాజేయకుండా రక్షణ అని రాసి, దాని కోసం ఎక్కువ ధర అడుగుతారు. దానికి డబ్బు పెట్టనక్కర లేదు. తాకించి చెల్లించే కార్డు యంత్రానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి వస్తేనే పనిచేస్తుంది. మన దేశంలో పిన్ లేకుండా అలా చెల్లించగలిగే మొత్తానికి 2021 జనవరి నుంచి 5,000 రూపాయల పరిమితి ఉంది. భయం ఉంటే బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యాన్నే ఆపేసుకోవచ్చు. ఆ అదనపు ధరను మంచి జిప్పు, మంచి క్లిప్పు ఉన్న బెల్టుకు పెట్టడం తెలివైన పని.

సాగే గొట్టం బెల్టు

పరుగు పందేలకు వెళ్లేవారు వాడే రకం ఇది. క్లిప్పు ఉండదు, పట్టీ ఉండదు. సాగే గుడ్డను రెండు పొరలుగా కుట్టిన వలయం. కాళ్ల మీదుగా పైకి లాక్కుని వేసుకోవాలి. చుట్టూ చీలికల్లాంటి జేబులు ఉంటాయి. ఇది ఒంటికి సమంగా హత్తుకుంటుంది కాబట్టి నడిచినా పరుగెత్తినా ఎగరదు, పైకి గీత కూడా కనబడదు. అలిపిరి మెట్ల దారిలో సుమారు 3,550 మెట్లు ఎక్కేవారికి, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసేవారికి, లెగ్గింగ్స్ మీద పొడవు కుర్తా వేసుకునే అమ్మాయిలకు దీనంత సౌకర్యమైనది లేదు. అవసరమైతే ఫోను కూడా పట్టే రకం ఇదొక్కటే.

దీనికి మూడు లోపాలు ఉన్నాయి, మూడూ చిన్నవి కావు. మొదటిది, వదులు బిగువులు సరిచేసుకునే వీలు లేదు. నడుము కొలత తీసుకుని సరైన సైజు కొనాలి, ఒకవేళ రెండు సైజుల మధ్య పడితే పెద్దదే కొనాలి. రెండోది, విమానాశ్రయంలో భద్రతా తనిఖీ ముందు దీన్ని విప్పడం బట్టలు మార్చుకోవడమంత పని. మూడోది, చాలా రకాలలో జేబులకు జిప్పు ఉండదు. గుడ్డ కొత్తగా ఉన్నంతకాలం బిగువు వల్ల వస్తువు నిలుస్తుంది కానీ ఉతికి ఉతికి సాగిపోయాక చీలిక తెరుచుకుని కార్డు జారిపోతుంది. కనీసం ఒక జేబుకైనా జిప్పు ఉన్నదాన్నే ఎంచుకోవాలి, దాన్ని వేడి నీళ్లలో ఉతక్కూడదు, ఎండలో ఆరవేయకూడదు.

కుట్టించుకున్న జేబు

అంగట్లో దొరికే ఏ బెల్టుకూ తీసిపోనిది, చీర కట్టుకునే స్త్రీలకైతే అన్నిటికంటే మెరుగైనది, దర్జీ దగ్గర కుట్టించుకునే లోపలి జేబు. ఇది చెప్పుకోవడానికి సాదాగా ఉంటుంది గనుక దీన్ని ఎవరూ సిఫారసు చేయరు, నేను మాత్రం గట్టిగా చేస్తాను. చీర కుచ్చిళ్లు దోపే చోట బెల్టు క్లిప్పు ఉంటే కుచ్చిళ్లు నిలవవు, ఉబ్బెత్తు కనబడుతుంది. పైగా లంగా బొందు ఒకటి, బెల్టు పట్టీ ఒకటి, రెండూ ఒకే చోట నడుమును కోస్తాయి. లంగా నడుము పట్టీకి జానెడు కిందుగా, కుడి పక్క ముందు వైపు, లోపలి నుంచి ఒక జేబు వేయించుకుంటే ఈ ఇబ్బందులేవీ ఉండవు. బరువు బొందు మీదే పడుతుంది కాబట్టి బొందు మాత్రం గట్టిది ఉండాలి.

దర్జీకి చెప్పవలసినవి ఇవి: లోపలి కొలత 12 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల లోతు ఉండాలి, అప్పుడు పాస్‌పోర్టు గానీ మడత పెట్టని 500 నోట్లు గానీ నిలువుగా కూర్చుంటాయి, జేబు గుడ్డ లంగా గుడ్డ కంటే గట్టిదిగా, రెండు పొరలుగా ఉండాలి, పైన నైలాన్ జిప్పు ఉండాలి, జిప్పు రెండు చివరలా కుట్టు మూడుసార్లు తిప్పి వేయాలి. ప్రయాణం పది రోజులైతే ఇలాంటి లంగాలు రెండు కావాలి, ఎందుకంటే ఒకటి ఉతికినప్పుడు రెండోది కట్టుకోవాలి. ప్రతిసారీ వస్తువులు ఒకదాని నుంచి ఒకదానికి మార్చడం మరిచిపోకుండా ఉండేందుకు, అన్నిటినీ ఒకే చిన్న గుడ్డ సంచిలో ఉంచి, ఆ సంచినే మార్చుకోవడం సులువు. చాకలికో హోటలు వాళ్లకో బట్టలు ఇచ్చే ముందు జేబు తడిమి చూడటం తప్పనిసరి.

మగవాళ్లకు ఈ మార్గం మన దగ్గర పాతదే. జేబున్న బనియన్లు, జేబున్న పట్టాపట్టీ డ్రాయర్లు వాడిన తాతల తరం వాళ్లకు మనీ బెల్టు అవసరమే రాలేదు. ఇప్పటికీ పెద్దవాళ్లకు కొత్తగా బెల్టు అలవాటు చేయడం కంటే, వాళ్లు రోజూ వేసుకునే బనియన్‌కే ఎడమ వైపు లోపలి నుంచి జిప్పు జేబు వేయించి ఇవ్వడం మేలు. వేళ్లు వణికేవాళ్లు క్లిప్పు పెట్టుకోలేరు, మతిమరుపు ఉన్నవాళ్లు స్నానానికి విప్పిన బెల్టును మరిచిపోతారు. బనియన్‌ను ఎవరూ మరిచిపోరు.

మిగిలిన రకాలు

మెడలో వేసుకునే సంచి విమానాశ్రయంలో బాగుంటుంది, ఎందుకంటే చెక్-ఇన్ దగ్గర, ఇమ్మిగ్రేషన్ దగ్గర, విమానం ఎక్కే ద్వారం దగ్గర పాస్‌పోర్టు మళ్లీ మళ్లీ చూపించాలి. జనసమ్మర్దంలో మాత్రం మెడ వెనక కనబడే తాడే దాని ఉనికిని చాటుతుంది. మంగళసూత్రం, గొలుసు వేసుకునే స్త్రీలకు తాడు వాటితో చిక్కుపడుతుంది. పడుకున్నప్పుడు తాడు మెడకు బిగుసుకోకుండా తీసి పెట్టుకోవాలి, తీసి పెడితే దాచిన ప్రయోజనం లేదు. కాబట్టి రాత్రి రైలు ప్రయాణానికి ఇది తగదు.

లోపల జిప్పు ఉన్న తోలు బెల్టు పైకి మామూలు ప్యాంటు బెల్టులాగే ఉంటుంది. 500 నోటును నిలువుగా మూడు మడతలు పెడితే సుమారు 2.2 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది, మూడున్నర సెంటీమీటర్ల బెల్టులో అది సులువుగా పడుతుంది. అయితే కొద్ది నోట్లు తప్ప ఇంకేమీ పట్టవు, కార్డు కూడా పట్టదు. విమానాశ్రయంలో బెల్టు విప్పి ట్రేలో పెట్టమంటే డబ్బు కూడా ట్రేలోకి పోతుంది. అత్యవసర నిల్వగా, మరో సంచికి తోడుగా మాత్రమే దీన్ని వాడుకోవచ్చు. కాలి పిక్కకు కట్టే సంచులు నడుస్తుంటే జారుతాయి, వాటిని వదిలేయడం మంచిది.

పంచె కట్టేవారి సంగతి వేరు. పంచెకు జేబు ఉండదు, నడుము మడతలో పెట్టినది లేచి నిలబడినప్పుడు జారుతుంది. వెడల్పాటి పచ్చ బెల్టు పంచెను పట్టి ఉంచడమే కాక, దానికి ఉన్న జేబుల్లో డబ్బు కూడా ఉంచుకోవచ్చు. కాని అది పైకి కనిపించే బెల్టు. పైన లాల్చీ వేసుకుంటే కప్పుకుపోతుంది. దర్శనానికి కండువాతో మాత్రమే వెళ్లేవారికి అది కనబడుతూనే ఉంటుంది. అలాంటివారు లోపల జేబు డ్రాయరు వేసుకుని, అసలు సొమ్ము అందులో ఉంచి, హుండీకి, దక్షిణకు, ప్రసాదానికి సరిపడేది పై బెల్టులో ఉంచుకోవచ్చు. హైదరాబాద్ నుంచి హజ్‌కు, ఉమ్రా అనే చిన్న మక్కా యాత్రకు వెళ్లే మగవారు ఇహ్రామ్ అనే దీక్షలో కుట్టు లేని రెండు వస్త్రాలే ధరిస్తారు. నడుము వస్త్రం మీద కట్టే జేబుల ఇహ్రామ్ బెల్టు వారికోసం ప్రత్యేకంగా దొరుకుతుంది. పై వస్త్రం దాన్ని కప్పుతుంది. అందులో జిప్పు జేబు లోపలి వైపుకు ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. తవాఫ్ అంటే కాబా చుట్టూ ప్రదక్షిణ చేసే సమయంలో ఒకరినొకరు ఒరుసుకుంటూ నడిచే జనంలో బయటి వైపు జేబులు సురక్షితం కావు.

తనిఖీలు, చట్టం

లోపలి బెల్టు దొంగల నుంచి దాచడానికే గానీ అధికారుల నుంచి దాచడానికి కాదు. విమానాశ్రయంలో భద్రతా సిబ్బంది ఒంటిమీద తడిమినప్పుడు బట్టల కింద సంచి తగిలితే విప్పి చూపించమంటారు. అది వారి విధి. వరుసలో నిలబడక ముందే మరుగుదొడ్డిలో బెల్టు విప్పి, చేతి సంచిలో అడుగున జిప్పు వేసి పెట్టి, తనిఖీ దాటాక మళ్లీ కట్టుకుంటే పదిమంది ముందు చొక్కా ఎత్తవలసిన ఇబ్బంది ఉండదు. విమానం ఎక్కేదాకా పాస్‌పోర్టును బెల్టులో పెట్టకూడదు.

నగదు పరిమితులు కూడా తెలిసి ఉండాలి. నేపాల్, భూటాన్ మినహా ఇతర దేశాలకు వెళ్లే భారతీయులు మన రూపాయలను 25,000కు మించి తీసుకుపోకూడదు. అమెరికాలోకి 10,000 డాలర్లకు మించి నగదు తీసుకువెళ్లడం నేరం కాదు, కానీ కస్టమ్స్‌కు ప్రకటించకపోవడం నేరం. ఆ మొత్తం నడుము బెల్టులో దొరికితే కావాలనే దాచారన్న అనుమానానికి తావిచ్చినట్టే. ఇక్కడ మన రాష్ట్రాల్లో ఎన్నికల నియమావళి అమలులో ఉన్న రోజుల్లో 50,000 రూపాయలకు మించిన నగదుకు ఆధారాలు చూపాలి. ఆ సమయంలో పెళ్లి ఖర్చులకో భూమి రిజిస్ట్రేషన్‌కో డబ్బు తీసుకెళ్లేవారు బ్యాంకు నుంచి తీసిన రసీదును, శుభలేఖను డబ్బుతో పాటే ఉంచుకోవాలి.

ఒంటికి పడుతుందా

బెల్టుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. తుంటి ఎముకల దగ్గర పట్టీ గంటల తరబడి బిగిసి ఉంటే తొడ బయటి వైపుకు వెళ్లే నరం నొక్కుకుపోయి, అక్కడ తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం జరుగుతుంది. లావుగా ఉన్నవారిలో, గర్భిణులలో, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనబడుతుంది. అలా అనిపిస్తే వెంటనే పట్టీ వదులు చేయాలి, తగ్గకపోతే వైద్యుణ్ని కలవాలి. గర్భిణులకు, సిజేరియన్ అయి ఎక్కువ కాలం కానివారికి, హెర్నియా ఉన్నవారికి నడుము బెల్టు కంటే లోపలి జేబే తగినది. చెమట పట్టే చోట రోజంతా ఒకే పట్టీ ఆనుకుని ఉంటే ఒరుపు, ఎర్రటి దద్దు, ఆ తరువాత తామర వస్తాయి. బనియన్ మీదుగా కట్టుకోవడం, రాత్రి బెల్టును ఉతికి ఆరవేయడం ఇందుకు మార్గం.

ఇన్సులిన్ తీసుకునేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను సాధారణంగా 30 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి, బట్టల కింద ఒంటి వేడి అంతకంటే ఎక్కువ. కనుక బెల్టులో పెన్ను పెట్టుకోవద్దు, దానికి చల్లదనం నిలిపే వేరే సంచి వాడాలి. ఇన్సులిన్ పంపు పెట్టుకునేవారికి పంపుకే ప్రత్యేకంగా చేసిన మెత్తటి సాగే బెల్టులు వేరే ఉన్నాయి. డబ్బు బెల్టులో పంపును ఇరికిస్తే గొట్టం మడత పడే ప్రమాదం ఉంది.

నీటి దగ్గర

కొనేటప్పుడు అడగని ప్రశ్న ఘాటు దగ్గర ఎదురవుతుంది. త్రివేణి సంగమంలోనో, కాశీలో దశాశ్వమేధ ఘాటులోనో, 2027లో రానున్న గోదావరి పుష్కరాలలో రాజమహేంద్రవరంలోనో మునక వేసేటప్పుడు ఈ బెల్టు ఎక్కడ ఉండాలి? విప్పి బట్టల మూటలో పెట్టడం అన్నిటికంటే తప్పు, ఎందుకంటే ఘాటు మీద మూటలే మొదట పోతాయి. నీరు చొరని సంచులు దొరుకుతాయి కానీ నోటిని సరిగ్గా మూయకపోతే ఒక్క మునకలోనే నీరు చేరుతుంది; కొన్నాక ముందు కాగితం ముక్క పెట్టి ఇంట్లో బకెట్ నీళ్లలో ముంచి చూడకుండా నమ్మకూడదు. కుటుంబంగా వెళ్లినవారు రెండు జట్లుగా విడిపోయి వంతులవారీగా స్నానం చేయడమే సరైన పద్ధతి. ఒంటరిగా వెళ్లినవారు పెద్ద మొత్తాన్ని బస చేసిన చోట తాళం ఉన్న అలమరలో ఉంచి, ఘాటుకు ఆటో ఖర్చులకు సరిపడే డబ్బుతోనే రావాలి. తిరుమలలోనూ కాశీ విశ్వనాథుని సన్నిధిలోనూ ఫోన్లు లోపలికి అనుమతించరు కాబట్టి ఫోను లాకరులోకి పోతుంది. లాకరు టోకెను మాత్రం లోపలి జేబులో పెట్టవలసిన వస్తువే.

ఇప్పుడు ఎంపికకు వద్దాం. ప్యాంటు, చొక్కాతో విదేశానికి వెళ్లే విద్యార్థికి క్లిప్పు ఉన్న పల్చని నడుము సంచి, విమానాశ్రయంలో మాత్రం దానితో పాటు మెడ సంచి. చీర కట్టుకునే తల్లికి లంగా జేబు, ఆమె నగలు తీసుకువెళుతుంటే అదే జేబులో రెండు అరలు వేయించి, ఒక్కో నగనూ మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టాలి. గాజులు, వంకీల వంటి ఉబ్బెత్తు నగలు ఇందులో పట్టవు, వాటిని చేతి సంచిలో ఒళ్లో పెట్టుకోవలసిందే. కొండ ఎక్కేవారికి, ప్రదక్షిణలు చేసేవారికి సాగే గొట్టం బెల్టు. డెబ్బై దాటిన నాన్నగారికి జేబు బనియన్. దంపతులు కలిసి వెళుతుంటే ఇద్దరికీ ఒకే రకం కొనకుండా, మొత్తాన్ని ఇద్దరి మధ్య పంచుకుని వేర్వేరు చోట్ల పెట్టుకోవాలి. పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు ఒకటి పెట్టెలోనూ, ఒకటి ఇంటి దగ్గర ఉన్నవారి దగ్గరా ఉంచాలి.

ఏది కొన్నా, ప్రయాణానికి వారం ముందు దాన్ని నింపి ఇంట్లో ఒక పూటంతా కట్టుకుని తిరగండి. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని భోంచేయండి, మెట్లెక్కి దిగండి, పై బెర్తు ఎక్కినట్టు కుర్చీ మీదికి ఎక్కండి, అందులోనే ఒక గంట పడుకోండి. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ జారుతుందో, చేయి ఎత్తితే పట్టీ కనబడుతుందో లేదో ఇంట్లోవాళ్లను చూడమనండి. సరిపోకపోతే మార్చుకోవడానికి ఇంకా వారం ఉంటుంది.